టెలికన్వర్టర్ కొనాలా, క్రాప్‌తో సరిపెట్టుకోవాలా, పెద్ద లెన్సుకు వెళ్లాలా?

పదిహేను మీటర్ల దూరంలో కొమ్మ మీద ఒక లకుముకి పిట్ట వాలింది. మీ దగ్గరున్నది 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ కెమెరా (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన, ‘క్రాప్ సెన్సర్’ అనే సెన్సర్ ఉన్నది), దానికి తగిలించిన 100-400 మి.మీ. జూమ్ లెన్సు. జూమ్‌ను చివరికంటా తిప్పినా, పదహారు సెంటీమీటర్ల ఆ పిట్ట బింబం సెన్సర్ మీద నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు, అంటే ఫ్రేము వెడల్పులో ఐదో వంతుకు లోపే ఉంటుంది. లెన్సుకు, కెమెరాకు మధ్య బిగించి బింబాన్ని పెద్దది చేసే టెలికన్వర్టర్ మీదికి మనసు పోయేది సరిగ్గా ఇక్కడే. 1.4 రెట్ల కన్వర్టర్ పెడితే అదే పిట్ట ఫ్రేములో పావు వంతు ఆక్రమిస్తుంది. 2 రెట్లది పెడితే మూడో వంతు దాటుతుంది. అయితే ఆ పెరిగిన బింబంలో ఈకల గీతలు కూడా పెరిగాయా, లేక మసకే పెద్దదయిందా అన్నది లెన్సును బట్టి, సెన్సర్‌ను బట్టి, మీరు తీసే ఫొటోలను బట్టి మారుతుంది.

మీ ముందున్న దారులు నాలుగు: ఉన్న లెన్సుతోనే తీసి తర్వాత ఫొటో అంచులు కత్తిరించుకోవడం (క్రాప్), 1.4 రెట్ల కన్వర్టర్, 2 రెట్ల కన్వర్టర్, 600 మి.మీ. వరకు వెళ్లే పెద్ద జూమ్. వీటిని పోల్చే ముందు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలవారికి చెప్పే సలహా క్రాప్ సెన్సర్‌వారికి ఎందుకు యథాతథంగా పనికిరాదో చెప్పుకోవాలి.

## క్రాప్ సెన్సర్ ముందే చేసేసిన పని

24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 6 మైక్రాన్లు. అన్నే మెగాపిక్సెళ్లున్న ఏపీఎస్-సీ సెన్సర్‌లో అది 3.9 మైక్రాన్లు. కాబట్టి ఏపీఎస్-సీ కెమెరాకు 400 మి.మీ. లెన్సు పెట్టినవారు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 600 మి.మీ. లెన్సు పెట్టినవారితో సమానంగా పిట్ట మీద పిక్సెళ్లను పరుస్తున్నారు. మరోలా చెప్పాలంటే, ఎపర్చర్‌లో (లెన్సు తెరపులో) ఒక్క స్టాప్ కూడా (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది) పోగొట్టుకోకుండా 1.5 రెట్ల కన్వర్టర్ చేసే పని మీ సెన్సరే చేసిపెట్టింది. కెనాన్ ఏపీఎస్-సీ కెమెరాలలో ఈ లెక్క 1.6 రెట్లు, ఇంకా చిన్న సెన్సరుండే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలలో 2 రెట్లు.

ఇందులో మెలిక ఏమిటంటే, చిన్న పిక్సెళ్లు లెన్సులోని పదునును ఇప్పటికే చాలావరకు పిండుకుంటున్నాయి. కన్వర్టర్ కొత్తగా వివరాలను సృష్టించదు, లెన్సు ఇచ్చిన బింబాన్ని సాగదీసి సెన్సర్ మీద పడేస్తుంది. సాగదీయడానికి లెన్సులో ఇంకా ఏమైనా మిగిలి ఉంటేనే లాభం. నా అభిప్రాయంలో క్రాప్ సెన్సర్‌వారు వేసుకోవలసిన ముఖ్యమైన ప్రశ్న ఇదే: జూమ్ చివరి కొసలో, పూర్తిగా తెరిచిన ఎపర్చర్ దగ్గర, ఫొటోను నూరు శాతం పెద్దది చేసి చూస్తే అంచులు ఇప్పటికే మెత్తబడి ఉన్నాయా? మెత్తబడి ఉంటే ఏ కన్వర్టరూ ఆదుకోదు. కత్తి అంచులా ఉంటే 1.4 రెట్లది తప్పక ఫలితమిస్తుంది. 20 మెగాపిక్సెళ్ల నికాన్ డీ500 లాంటి కెమెరాలో కనిపించే లాభం, 40 మెగాపిక్సెళ్ల ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-హెచ్2లో అంతగా కనిపించదు. రెండో దానిలో పిక్సెల్ 3 మైక్రాన్లే గనుక, క్రాప్ చేసినా పోయేది తక్కువ.

## చూడవలసిన అంశాలు

లెన్సుకు కన్వర్టర్ అసలు పడుతుందా? చాలామంది ఈ ప్రశ్నను ఆఖరున అడుగుతారు, మొదట అడగాలి. కెమెరా తయారీదారుల కన్వర్టర్లలో ముందు గాజు లెన్సు లోపలికి పొడుచుకువచ్చి ఉంటుంది. వెనక అంత ఖాళీ ఉన్న లెన్సులకే అది పడుతుంది. లేనిదానికి బలవంతంగా బిగిస్తే గాజుకు గాజు తగులుతుంది. కెమెరాతోపాటు తక్కువ ధరకు వచ్చే 55-200, 55-250, 50-250 తరహా జూమ్‌లు ఏవీ వీటిని అంగీకరించవు. సోనీ 70-350 మంచి లెన్సే అయినా కన్వర్టర్ పట్టదు. ఫ్యూజీఫిల్మ్ 70-300 మాత్రం 1.4, 2 రెట్ల కన్వర్టర్లను రెండింటినీ తీసుకుంటుంది. సిగ్మా కన్వర్టర్లు ఎల్-మౌంట్‌కు (మౌంట్ అంటే లెన్సు కెమెరాకు బిగిసే అమరిక) ఉన్నాయి, సోనీ ఇ-మౌంట్‌కు లేవు. కాబట్టి ఇ-మౌంట్‌లో సిగ్మా 150-600 వాడేవారికి ఈ చర్చతో పని లేదు. కెంకో వంటి వారి కన్వర్టర్లలో ముందు గాజు పొడుచుకురాదు గనుక అవి మరికొన్ని లెన్సులకు బిగుస్తాయి. కానీ బిగిసినంత మాత్రాన బాగా పనిచేస్తాయని కాదు, ఎఫ్/6.3 దగ్గర ఆగిపోయే (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ తెరపు చిన్నదవుతుంది) చిన్న జూమ్‌కు వాటిని తగిలించడం డబ్బు దండగ.

పట్టే లెన్సులలోనూ షరతులు ఉండవచ్చు. కెనాన్ ఆర్ఎఫ్ 100-500 లెన్సును 300 మి.మీ. దాటి జూమ్ చేసిన తర్వాతే ఎక్స్‌టెండర్ (కన్వర్టర్‌కు కెనాన్ పేరు) బిగించాలి, బిగించాక 300కు కిందికి రాదు. సంచిలో పెట్టుకునేటప్పుడు కూడా గొట్టం బయటికి సాగే ఉంటుంది. దగ్గరికి వచ్చిన జంతువును మొత్తంగా ఫ్రేములో పట్టాలంటే కన్వర్టర్ ఊడదీయక తప్పదు.

ఎపర్చర్, ఆటోఫోకస్. 1.4 రెట్లతో ఒక స్టాప్, 2 రెట్లతో రెండు స్టాప్‌లు తగ్గుతాయి. సాధారణ జూమ్‌లకు లెక్క ఇలా తేలుతుంది:

| లెన్సు | 1.4 రెట్లతో | 2 రెట్లతో |
|---|---|---|
| 70-200 మి.మీ. ఎఫ్/2.8 | 98-280, ఎఫ్/4 | 140-400, ఎఫ్/5.6 |
| 70-300 మి.మీ. ఎఫ్/4-5.6 | 98-420, ఎఫ్/5.6-8 | 140-600, ఎఫ్/8-11 |
| 100-400 మి.మీ. ఎఫ్/4.5-5.6 | 140-560, ఎఫ్/6.3-8 | 200-800, ఎఫ్/9-11 |
| 200-600 మి.మీ. ఎఫ్/5.6-6.3 | 280-840, ఎఫ్/8-9 | 400-1200, ఎఫ్/11-13 |

డీఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం బింబాన్ని వ్యూఫైండర్‌కు పంపే కెమెరా) వాడేవారికి ఈ పట్టికలోని ఎఫ్/8 ఒక లక్ష్మణరేఖ. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో వ్యూఫైండర్ ఆటోఫోకస్ ఎఫ్/5.6 వరకే హామీతో పనిచేస్తుంది. నికాన్ డీ7200లో, కెనాన్ 7డీ మార్క్ 2లో ఎఫ్/8 దగ్గర మధ్యనున్న ఒక్క పాయింటే మిగులుతుంది. డీ500లో 15 పాయింట్లు, కెనాన్ 80డీలో కొన్ని నిర్దిష్ట లెన్సు-ఎక్స్‌టెండర్ జోడీలతో 27 పాయింట్లు పనిచేస్తాయి. ఎఫ్/11 అయితే వ్యూఫైండర్ ఆటోఫోకస్ మీద ఆశ వదులుకోవలసిందే.

మిర్రర్‌లెస్ కెమెరాలలో సెన్సరే ఫోకస్ చూస్తుంది గనుక ఈ గోడ లేదు. కెనాన్ ఆర్7 ఎఫ్/22 దాకా ఆటోఫోకస్ చేయగలదు. చేయగలగడం వేరు, మబ్బు పట్టిన సాయంత్రం ఆకుల నీడలో ఉన్న పిట్టను వెంటనే పట్టుకోవడం వేరు. వేగం విషయానికి వస్తే, కెనాన్ ఈఎఫ్ ఎక్స్‌టెండర్లతో ఫోకస్ మోటారు వేగాన్ని 1.4 రెట్లకు సగానికి, 2 రెట్లకు పావు వంతుకు కావాలనే తగ్గిస్తారు. గురి తప్పకుండా ఉండడానికి అలా చేస్తారు.

నేను మొదట కొన్నది 2 రెట్లదే, అదీ ఎఫ్/5.6 జూమ్‌కు. పిట్ట కొమ్మ మీద ఉంది, బటన్ సగం నొక్కాను. లెన్సు ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు గరగరలాడుతూ తిరిగింది, మూడోసారి ఫోకస్ పడేసరికి కొమ్మ మాత్రమే స్పష్టంగా ఉంది. ఆ కన్వర్టర్ చాలాకాలం పెట్టె దాటి బయటికి రాలేదు.

వెలుతురు, నాయిస్. కన్వర్టర్ వెలుతురును మింగేస్తుంది కాబట్టి నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు) పెరుగుతుందనే మాట తరచూ వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. పిట్ట నుంచి వచ్చే వెలుతురును పోగుచేసేది లెన్సు ముందు భాగం. కన్వర్టర్ ఉన్నా లేకపోయినా ఆ పోగు మారదు. 1.4 రెట్ల కన్వర్టర్ అదే వెలుతురును రెట్టింపు వైశాల్యంలో పరుస్తుంది, అందుకే అదే షట్టర్ స్పీడ్ కావాలంటే ఐఎస్ఓను 800 నుంచి 1600కు పెంచాలి. ఒక్కో పిక్సెల్‌లో గరుకు పెరిగిన మాట వాస్తవమే, అయితే పిట్ట మీద పిక్సెళ్ల సంఖ్య కూడా రెట్టింపయింది. కన్వర్టర్‌తో తీసినదాన్ని, కన్వర్టర్ లేకుండా తీసి క్రాప్ చేసినదాన్ని ఒకే కొలతలో ప్రింటు వేసి పక్కపక్కన పెడితే నాయిస్ దాదాపు సమానంగా కనిపిస్తుంది. కాబట్టి క్రాప్‌కు, 1.4 రెట్లకు మధ్య నాయిస్ తీర్పరి కాదు. తీర్పు చెప్పేవి ఆటోఫోకస్, లెన్సు పదును.

పెద్ద లెన్సు సంగతి వేరు. 400 మి.మీ. ఎఫ్/5.6 లెన్సు తెరపు వ్యాసం సుమారు 71 మి.మీ.; 600 మి.మీ. ఎఫ్/6.3 లెన్సుది సుమారు 95 మి.మీ. అంటే అదే పిట్ట నుంచి దాదాపు 1.8 రెట్ల వెలుతురును అది నిజంగానే పోగుచేస్తుంది. క్రాప్ గానీ, కన్వర్టర్ గానీ ఇవ్వలేనిది ఇదొక్కటి.

చేతులు, గాలి. 560 మి.మీ. ఫోకల్ లెంగ్త్ క్రాప్ సెన్సర్ మీద 840 మి.మీ. దృశ్యకోణాన్ని ఇస్తుంది, చేత్తో పట్టుకుని తీసేవారు షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు కంటే నెమ్మదించకుండా చూసుకోవాలి. స్టెబిలైజర్ మీ చేతి వణుకును ఆపుతుందే తప్ప పిట్ట తల తిప్పడాన్ని ఆపదు. ఎండ ముదిరాక నేల మీది నుంచి లేచే వేడి గాలి అలలను ఏ అద్దమూ సరిచేయలేదు. వంద మీటర్ల అవతలి జింకను మిట్టమధ్యాహ్నం 840 మి.మీ. కోణంలో తీస్తే కనిపించేది జింక చుట్టూ కదిలే నీటి తెరలాంటిదే.

## ఒక్కో దారి

క్రాప్ చేయడం. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 1.4 రెట్లు క్రాప్ చేస్తే 12, రెండు రెట్లు చేస్తే 6 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ఏ4 ప్రింటుకు 12 మెగాపిక్సెళ్లు చాలు. 6 అయినా మామూలు హెచ్‌డీ తెరకు ఎక్కువే, 4కే తెరకు మాత్రం తక్కువ పడుతుంది. ఆటోఫోకస్ పూర్తి బలంతో ఉంటుంది, పిట్ట హఠాత్తుగా రెక్కలు చాచినా ఫ్రేములోనే ఉంటుంది. లోటు ఒక్కటే: వ్యూఫైండర్‌లో పిట్ట చిన్నదిగా ఉండడం వల్ల కన్ను మీద ఫోకస్ పడిందో, కన్ను ముందున్న గడ్డిపోచ మీద పడిందో అక్కడికక్కడ తెలియదు.

1.4 రెట్ల కన్వర్టర్. బరువు రెండు వందల గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, జేబులో పడుతుంది. పదునైన 100-400 లేదా ఎఫ్/2.8 జూమ్ ఉన్నవారికి దీనిని నేను సంకోచం లేకుండా సూచిస్తాను. లకుముకి పిట్ట పొడవు మీద సుమారు 1,090 పిక్సెళ్లు పడేచోట 1,520 దాకా పడతాయి. ఇదే లాభం పదిహేను మీటర్ల నుంచి పదకొండు మీటర్ల లోపుకు నడిచి వెళ్లినా వస్తుంది, అదీ ఎపర్చర్ తగ్గకుండా. నాలుగడుగులు మెల్లగా ముందుకు వేయగలిగిన చోట కన్వర్టర్ కొనుక్కోవడం కంటే ఓపిక పట్టడం చౌక. నీటి అవతలి ఒడ్డు, కంచె, గూడు ఉన్న చోటు వంటి, దగ్గరికి పోలేని లేదా పోకూడని సందర్భాలకే దీని అసలు విలువ.

తరచూ ఎవరూ చెప్పని ఇంకో లాభం ఉంది. కన్వర్టర్ పెట్టినా లెన్సు అతి దగ్గరగా ఫోకస్ చేసే దూరం మారదు, బింబం మాత్రం పెరుగుతుంది. కెనాన్ ఈఎఫ్ 100-400 రెండో తరం లెన్సు 0.98 మీటర్ల నుంచి 0.31 రెట్ల బింబాన్ని ఇస్తుంది, 1.4 రెట్లతో అది 0.43కు చేరుతుంది. నాలుగు సెంటీమీటర్ల సీతాకోకచిలుక సెన్సర్ మీద 12 మి.మీ. నుంచి 17 మి.మీ.కు పెరుగుతుంది. తూనీగలు, సీతాకోకచిలుకలు తీసేవారికి ఇది దాదాపు రెండో లెన్సు కొన్నట్టే.

2 రెట్ల కన్వర్టర్. ఎఫ్/2.8 జూమ్ ఉన్నవారు మాత్రమే దీని గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం. 70-200 లెన్సు 400 మి.మీ. ఎఫ్/5.6గా మారుతుంది, ఆటోఫోకస్‌కు అడ్డు ఉండదు. అయినా అసలైన 100-400 లెన్సు ఆ కొసలో దీనికంటే పదునుగా, చురుగ్గా ఉంటుంది. ఏడాదికి నాలుగైదుసార్లే 400 మి.మీ. అవసరం పడేవారికి సరిపోతుంది, వారం వారం పిట్టల వెంట వెళ్లేవారికి సరిపోదు.

ఎఫ్/5.6 జూమ్‌కు దీనిని పెడితే చిక్కు రెండు వైపులా బిగుస్తుంది. ఎఫ్/11 దగ్గర డిఫ్రాక్షన్ (చిన్న తెరపు గుండా పోయే కాంతి చెదరడం) వల్ల ఒక కాంతి బిందువు సుమారు 15 మైక్రాన్ల చుక్కగా, అంటే 3.9 మైక్రాన్ల పిక్సెళ్లు నాలుగింటి వెడల్పున పడుతుంది. దీనికి కన్వర్టర్‌ను తప్పుపట్టకూడదు. లెన్సు తెరపు వ్యాసం విధించిన హద్దునే అది పెద్దది చేసి చూపిస్తోంది. లెన్సు లోపాలు తగ్గాలని ఎపర్చర్‌ను ఎఫ్/16కు మూస్తే ఆ తెరపే చిన్నదై, ఉన్న వివరమూ పోతుంది. మూయకపోతే లోపాలు, మూస్తే డిఫ్రాక్షన్: ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

దీనికి చంద్రుడు ఒక మినహాయింపు. 400 మి.మీ. దగ్గర చంద్రబింబం సెన్సర్ మీద 3.6 మి.మీ., అంటే దాదాపు 930 పిక్సెళ్లు; 800 దగ్గర 7.3 మి.మీ., 1,860 పిక్సెళ్లు. చంద్రుడు ఎండలో వెలిగే రాయి కాబట్టి వెలుతురుకు కొదవ లేదు, ట్రైపాడ్ మీద లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద చూస్తూ, చేత్తో ఫోకస్ తిప్పుకోవచ్చు, పదుల కొద్దీ తీసి బాగా వచ్చినది ఉంచుకోవచ్చు.

పెద్ద జూమ్. 150-600, 180-600, 200-600 లెన్సులు దాదాపు రెండు కిలోల బరువుంటాయి. వారంలో ఒక ఉదయమైనా పిట్టల కోసం కేటాయించేవారికి చివరికి చేరే చోటు ఇదే. మధ్యలో కన్వర్టర్ల మీద పెట్టిన ఖర్చు తర్వాత గుర్తొచ్చి నొచ్చుకుంటారు. నికాన్ డీఎస్ఎల్ఆర్‌వారికి ఎఫ్/5.6 వద్ద స్థిరంగా ఉండే 200-500 కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఈ లెన్సులకు మళ్లీ 1.4 రెట్లది తగిలించి ఎఫ్/9కు వెళ్లడం, వెలుతురు ధారాళంగా ఉన్న ఉదయాలకు, కదలని విషయాలకు పరిమితం చేసుకోవడం మంచిది.

## ఎవరికి ఏది

ఎగిరే పిట్టలు, ఆటల పోటీలు తీసేవారు కన్వర్టర్‌ను సంచిలోనే ఉంచి క్రాప్ మీద ఆధారపడాలి. ఒక స్టాప్ కంటే ఆటోఫోకస్ చురుకుదనం, ఫ్రేములో పిట్ట చుట్టూ ఉన్న ఖాళీ వారికి ఎక్కువ విలువైనవి. రాత్రి దీపాల కింద జరిగే ఆటలకైతే 70-200 ఎఫ్/2.8ను ఎఫ్/4కు దించడం కూడా నాకు ఇష్టం ఉండదు. కదలకుండా కూర్చున్న పిట్టలు, దూరంగా మేసే జంతువులు, సీతాకోకచిలుకలు తీసేవారికి, చేతిలో పదునైన 100-400 ఉంటే, 1.4 రెట్లది సరైన ఎంపిక. సంచి బరువు చూసుకునే ప్రయాణికులకు 70-300, దానికి పట్టే 1.4 రెట్లది కలిపి పెద్ద జూమ్ బరువులో సగం కూడా ఉండవు. పాత డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన చిన్న జూమ్ ఉన్నవారు కన్వర్టర్ ఆలోచన విరమించి, ఆ డబ్బును మెరుగైన లెన్సు కోసం దాచుకోవాలి.

## కొనే ముందు ఒక పరీక్ష

ఎవరి దగ్గరైనా కన్వర్టర్ ఒక పూట అరువుకో అద్దెకో దొరికితే ఇలా చూడండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు, చిన్న అక్షరాలున్న పత్రిక పేజీని పదిహేను మీటర్ల దూరంలో గోడకు అతికించండి. ట్రైపాడ్ మీద, స్టెబిలైజర్ ఆపి, రెండు సెకన్ల టైమర్‌తో, కన్వర్టర్ లేకుండా 400 మి.మీ. దగ్గర ఒకటి, కన్వర్టర్‌తో ఒకటి తీయండి. కన్వర్టర్ బిగించేటప్పుడు మొదట దానిని లెన్సుకు, తర్వాత ఆ రెండింటినీ కలిపి కెమెరాకు తగిలిస్తే సెన్సర్ తెరుచుకుని ఉండే సమయం తగ్గి దుమ్ము తక్కువ పడుతుంది. మొదటి ఫొటోను కంప్యూటర్‌లో 1.4 రెట్లు పెద్దది చేసి రెండోదాని పక్కన పెట్టండి.

400 మి.మీ. దగ్గర ఒక్కో పిక్సెల్ ఆ కాగితం మీద సుమారు 0.15 మిల్లీమీటర్లను చూస్తుంది. కాబట్టి పదాలు చదవగలగడం పరీక్ష కాదు. ఒత్తులను, గుణింతపు గుర్తులను చూడండి. పెద్దది చేసిన మొదటి ఫొటోలో అలుక్కుపోయిన ఒత్తు రెండోదానిలో విడిగా తెలిస్తే మీ లెన్సులో ఇంకా సత్తువ ఉంది. రెండింటిలోనూ ఒకేలా అలుక్కుపోతే కన్వర్టర్‌ను తిరిగి ఇచ్చేయండి. డీఎస్ఎల్ఆర్ అయితే ఈ ఫొటోను లైవ్ వ్యూ ఫోకస్‌తో ఒకసారి, వ్యూఫైండర్ ఫోకస్‌తో ఒకసారి తీయాలి. మొదటిది పదునుగా ఉండి రెండోది మసకగా వస్తే లోపం గాజులో లేదు, లెన్సు-కన్వర్టర్ జోడీకి విడిగా ఫోకస్ సర్దుబాటు చేయవలసి ఉంది. చాలా కెమెరాలు ఆ జోడీ సర్దుబాటును, లెన్సు ఒంటరిగా ఉన్నప్పటి సర్దుబాటును వేర్వేరుగా గుర్తుపెట్టుకుంటాయి.